ఎనిమిది ఈతల ఆవు ఎందుకు పొర్లింది: ఒక కేసు

జెర్సీ క్రాస్ ఆవు, పన్నెండో ఏడు నడుస్తోంది. ఎనిమిది ఈతలు ఈనింది. చివరి ఈతలో పాల జ్వరం వచ్చి పడిపోయింది. కాల్షియం ఎక్కించాక లేచింది కానీ మాయ పడలేదు, రెండో రోజు ఎవరో చెయ్యి పెట్టి తీశారు. మూడు నెలలు దాటాక ఎదకు రావడం మొదలైంది. అప్పటి నుంచి ఐదుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు. ఐదుసార్లూ 21, 22 రోజులకి మళ్ళీ పొర్లింది, అంటే చూడి నిలవక తిరిగి ఎదకు వచ్చింది. పశువుల డాక్టర్‌నైన నన్ను పిలిచేసరికి ఈని ఏడు నెలలు దాటింది.

రైతు వయసులో నాకంటే చాలా పెద్దవారు. అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసినట్టున్నారు. "ముసలిదైపోయింది డాక్టర్ గారూ. గర్భసంచిలో పస అయిపోయింది. మీరు కూడా ఆ మాటే అనేస్తే ఇక నేనూ ఆశ పెట్టుకోను" అన్నారు. నేనూ దాదాపు ఆ మాటే అన్నాను, కాకపోతే కాస్త శాస్త్రం కలిపి. రెండు నెలల పైచిలుకు ఆ పొరపాటులోనే ఉండిపోయాను. ఈ కేసు రాయడానికి కారణం అదే.

మొదటి రోజు

ట్రెవిస్‌లో, అంటే పశువు కదలకుండా పట్టే చట్రంలో నిలబెట్టి, తోక పక్కకి పట్టుకోమని చెప్పి, పేడ తీయడం మొదలుపెట్టాను. ఆవు గట్టిగా ముక్కింది. వెనక నుంచి ఒక చెంబెడు నీళ్ళు పడ్డాయి. మూత్రం పోసిందనుకుని పక్కకి జరిగి నిలబడ్డాను. ఆ చెంబెడు నీళ్ళ సంగతి మళ్ళీ చెబుతాను.

చేతికి ముందుగా తగిలింది సెర్విక్స్, అంటే గర్భాశయం మూతి. లావుగా, గట్టిగా, మూడు వేళ్ళ వెడల్పుకి తక్కువ లేదు. ఇంకా ఈనని పడ్డలో అది వేలి లావుకి కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. గర్భాశయం కటి ఎముకల మధ్య లేదు. అంచు దాటి పొట్టలోకి జారిపోయి ఉంది. సెర్విక్స్‌ని పట్టి వెనక్కి లాక్కుంటే తప్ప కొమ్ములు అందలేదు. కుడి కొమ్ము ఎడమ దానికంటే కొంచెం లావు, కానీ చాలాసార్లు ఈనిన ఆవులో ఆ తేడాని నేను పెద్దగా పట్టించుకోను. చీము లేదు. అండాశయాల చుట్టూ అతుకులు లేవు. పాత ఆవుల్లో అండాశయం దాని పక్క పొరకి అతుక్కుపోయి, అండం నాళంలోకి జారే దారే మూసుకుపోతుంటుంది కాబట్టి అది ప్రత్యేకంగా వెతికాను.

అల్ట్రాసౌండ్‌లో ఎడమ అండాశయం మీద రెండు సెంటీమీటర్ల కార్పస్ లూటియం (అండం విడుదలైన చోట ఏర్పడే ముద్ద) స్పష్టంగా కనిపించింది. అంటే అండం విడుదలవుతోంది, ఎద చక్రం నడుస్తోంది. పొర్లడం కూడా వేళ తప్పకుండా జరుగుతోంది. సరిగ్గా 21, 22 రోజులకి పొర్లిందంటే అసలు అండం ఫలదీకరణ కాలేదనో, అయినా పిండం పదహారో రోజు లోపే పోయిందనో అర్థం. పిండం తానున్నానని తల్లికి తెలియజేసేది ఆ రోజుల్లోనే. అది దాటి పోతే ఎద ఆలస్యంగా వచ్చేది.

ఇంతవరకు బాగానే ఆలోచించాను. తర్వాత నా కన్ను ఫాలికిల్స్ దగ్గర, అంటే అండాలు పెరిగే బుడగల దగ్గర ఆగిపోయింది. రెండు అండాశయాల్లో చిన్నవీ పెద్దవీ కలిపి లెక్కపెడితే ఏడెనిమిదికి మించలేదు. వయసులో ఉన్న ఆవుల్లో పదిహేను, ఇరవై కనిపించడం వింతేమీ కాదు. ఇంకేముంది, దోషి దొరికిందనుకున్నాను.

అండాశయం ముసలిదవడం అంటే

నా అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. ఆవు జీవితాంతం వాడుకునే అండాల నిల్వ అది పుట్టినప్పుడే అండాశయాల్లో ఉంటుంది. సగటున లక్షకు పైనే. కొత్తవి తయారు కావు. నాలుగు నుంచి ఆరేళ్ళ వయసు వరకు ఆ నిల్వ పెద్దగా తరగదు. ఆ తర్వాత వేగంగా పడిపోతుంది, ఇరవై ఏళ్ళు వచ్చేసరికి దాదాపు ఖాళీ. ఫాలికిల్స్ తగ్గేకొద్దీ అవి విడుదల చేసే అదుపు హార్మోన్లూ తగ్గుతాయి. దాంతో మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, ఫాలికిల్స్‌ని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ని ఇంకా ఎక్కువ పంపుతుంది. తరుముతున్నకొద్దీ పలికేవి తక్కువ.

కెనడాలోని సస్కచ్వాన్ యూనివర్సిటీ పరిశోధకులు 2005లో ఒక మంచి పని చేశారు. 13, 14 ఏళ్ళ ఆవులని, వాటి సొంత కూతుళ్ళని పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకే రక్తం, తేడా వయసులోనే. తల్లుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉంది, ఫాలికిల్స్ తక్కువగా వచ్చాయి. తర్వాత ఎక్కువ అండాల కోసం హార్మోన్లు ఇచ్చి చూస్తే తల్లుల నుంచి పిండాలు తక్కువే దొరికాయి. అయితే దొరికిన పిండాలని పడుచు ఆవుల గర్భంలో పెడితే అవి కూతుళ్ళ పిండాలతో సమానంగానే నిలిచాయి. ఈ రెండో ముక్క నాకు తెలియనిది కాదు. ఆ రోజు గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే, అండం విడుదలవుతున్న ఆవులో లోపం అండం దగ్గర కాక అది వచ్చి చేరే చోట వెతికేవాడిని.

నేను చేసింది

కార్పస్ లూటియంని కరిగించి ఎదకు తెచ్చే క్లోప్రోస్టినాల్ 500 మైక్రోగ్రాములు ఇచ్చాను. మూడో రోజు ఎదకు వచ్చింది. ఎద తీగ (ఎదలో మానం నుంచి జారే జిగురు) కాస్త మసగ్గా ఉంటే పరీక్ష గొట్టంలో పోసి, సమానంగా పది శాతం సోడియం హైడ్రాక్సైడ్ కలిపి కాచాను. లేత పసుపు వచ్చింది. వైట్ సైడ్ పరీక్షలో పసుపు అంటే తెల్లకణాలు చేరాయని, లోపల వాపు ఉందని. చివరి ఈతలో మాయ నిలిచిపోయిన ఆవు కదా, స్వల్పంగా ఎండోమెట్రైటిస్ (గర్భాశయం లోపలి పొర వాపు) ఉందని రాసుకున్నాను. సూది వేసి, వెంటనే అండం విడుదల చేయించే బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు ఇచ్చి, మర్నాడు గర్భాశయంలోకి యాంటీబయాటిక్ పంపాను. 21 రోజులకి పొర్లింది.

రెండోసారి ఓవ్‌సింక్, అంటే అండం విడుదలని మందులతో ఒక వేళకి కుదిర్చే పద్ధతి. మొదటి రోజు బుసెరెలిన్, ఏడు రోజులకి క్లోప్రోస్టినాల్, ఇంకో రెండు రోజులకి మళ్ళీ బుసెరెలిన్, పదహారు గంటల తర్వాత సూది. 22 రోజులకి పొర్లింది.

పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు టెన్షన్ పెట్టింది.

ఆ ఉదయం

మూడోసారి చెప్పకుండా వెళ్ళాను, తెల్లవారగానే. ఆవు ఇంకా పడుకునే ఉంది, నెమరు వేస్తోంది. ట్రెవిస్ లేదు, తోక పట్టుకునే మనిషి లేడు. నేను చూసేది ఎవరూ కదపని ఆవుని.

దాని వెనక నేల తడిగా ఉంది. మూత్రం పోసిన మడుగులా వెడల్పుగా లేదు, మానం కిందే చిన్న గుంటలా నిలిచి ఉంది. నేను చూస్తుండగానే ఆవు ఊపిరి గట్టిగా తీసినప్పుడు ఇంకో గుక్కెడు జారి పడింది.

"ఇది రోజూ వస్తుందా?"

"రోజూ వస్తుంది డాక్టర్ గారూ. పడుకుంటే ఎక్కువ. తీగ వేస్తోంది కదా అని ఎదకు వచ్చిందేమో చూసుకుంటుంటాం."

చేతిలోకి పట్టాను. వేళ్ళ మధ్య సాగదీశాను. సాగలేదు. ఎద తీగ అయితే గాజు దారంలా మూరెడు సాగుతుంది. ఇది నీళ్ళలా ఉంది, లేత పసుపు, అక్కడక్కడా తెల్లటి నలకలు. వాసన చూశాను. మూత్రం.

లేపి నిలబెట్టి, తోక ముట్టుకోకుండా పక్కనుంచి చూశాను. మామూలుగా మానం గోడకి కొట్టిన పలకలా నిలువుగా ఉండాలి, అందులో ఎక్కువ భాగం కటి ఎముక అంచుకి కిందే ఉండాలి. ఈ ఆవులో ఆసనం లోపలికి గుంటపోయింది, దానితోపాటు మానం పైభాగం ముందుకి లాక్కుపోయి, మొత్తం పెంకుటింటి కప్పులా వాలిపోయింది. ఆ వాలు మీద ఎండిన పేడ అట్టకట్టి ఉంది. ఆవు వేసిన పేడ ప్రతిసారీ అక్కడ ఆగి లోపలికి దారి చూసుకుంటోందన్నమాట. తోక మొదలుకి రెండు పక్కలా కొవ్వు కరిగి గుంటలు పడ్డాయి. మానం పెదవులు వేళ్ళతో విడదీస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చింది.

యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ పెట్టి టార్చి వేస్తే యోని ముందు భాగంలో గిన్నెలో పోసినట్టు మూత్రం నిలిచి ఉంది. సెర్విక్స్ మూతి అందులో సగం మునిగి, ఎర్రగా ఉబ్బి, బయటి మడతలు వేలాడుతున్నాయి. ఐదుసార్లు ఇతరులు, రెండుసార్లు నేను, వీర్యం దించే గొట్టాన్ని (ఏఐ గన్) ఆ మడుగులోంచే తీసుకెళ్ళి గర్భాశయంలో దించాం. వీర్య కణాలకి మూత్రం విషంతో సమానం. పైగా ఎద రోజున సెర్విక్స్ తెరుచుకుని ఉంటుంది, గన్ లేకపోయినా మూత్రం లోపలికి వెళ్తుంది.

మొదటి రోజు చెంబెడు నీళ్ళు ఇవే. పేడ తీసేటప్పుడు ఆవు ముక్కి మడుగంతా బయటికి తోసేసింది. నేను పరీక్ష మొదలుపెట్టకముందే సాక్ష్యం నా బూట్ల మీద పడింది. వైట్ సైడ్ పసుపు కూడా తప్పు చెప్పలేదు. వాపు ఉంది, కానీ దాని మూలం పాత మాయ కాదు, రోజూ నిలుస్తున్న మూత్రం.

మూత్రం ముందుకి ఎందుకు నడిచింది

దీని పేరు యూరోవజైనా. యోనిలో మూత్రం నిలవడం. పాత ఆవుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, కారణం ప్రధానంగా బరువూ వాలూ. ప్రతి చూడిలోనూ గర్భాశయం పొట్టలోకి దిగుతుంది. దాన్ని పైనుంచి పట్టి ఉంచే వెడల్పాటి బంధాలు సాగుతాయి. ఈనాక గర్భాశయం చిన్నదవుతుంది కానీ బంధాలు పూర్తిగా వెనక్కి రావు. ఒకటి రెండు ఈతల్లో ఆ తేడా తెలియదు, ఎనిమిది ఈతల్లో తెలుస్తుంది. కిందికి జారిన గర్భాశయం సెర్విక్స్‌ని, సెర్విక్స్ యోనిని ముందుకి లాగుతాయి. యోని నేల వెనక్కి వాలి ఉండాల్సింది ముందుకి వాలుతుంది. మూత్రం బయటికి వచ్చే రంధ్రం యోని నేల మీదే ఉంటుంది కాబట్టి కొంత బయటికి పోయి కొంత లోపలికి పారుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మనం "వయసైపోయింది" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు లెక్కలు కలిపేస్తాం. అండాశయం ఏళ్ళు లెక్కపెడుతుంది. గర్భాశయం, సెర్విక్స్, మానం ఈతలు లెక్కపెడతాయి. పన్నెండేళ్ళలో ఒక్కసారీ ఈనని ఆవు ఉందనుకోండి, దాని అండాశయం ముసలిదే, మానం మాత్రం నిలువుగానే ఉండొచ్చు. గర్భాశయం గోడలోనూ ఈతల గుర్తులుంటాయి. చూడి సమయంలో విపరీతంగా పెరిగిన రక్తనాళాలు ఈనాక కుదించుకుపోతూ గోడలు మందంగా, గట్టిగా మిగులుతాయి. గ్రంథుల చుట్టూ నార పేరుకుంటుంది, కొన్ని గ్రంథులు నీటి బుడగల్లా ఉబ్బుతాయి. పిండానికి తొలి రోజుల్లో ఆహారం ఇచ్చేవి ఆ గ్రంథులే. అవి పాడైతే మనం చేయగలిగింది లేదు. ఈ ఆవులో అవి ఎంతవరకు పాడయ్యాయో గర్భాశయం లోపలి పొర ముక్క తీసి పరీక్షిస్తే తెలిసేది. నేను తీయించలేదు. ముందు మూత్రం ఆపి చూద్దామనుకున్నాను.

వైద్యం

మూత్రనాళాన్ని వెనక్కి పొడిగించే ఆపరేషన్ ఉంది. సాగి పలచబడిన పొరల మీద అది నిలుస్తుందన్న నమ్మకం నాకు కలగలేదు, పైగా ఈ ఆవు నుంచి ఆశించేది ఇంకొక్క ఈత. తేలికైన దారి ఎంచుకున్నాను.

ముందు ఒక ఎద వదిలేశాం, సూది లేదు. దాణా పెంచి, ఒక పూట పాలు మాన్పించాం. శరీర స్థితి (ఒంటి కండకీ కొవ్వుకీ ఇచ్చే మార్కు) ఐదుకి 2.25 ఉండేది, ఆరు వారాల్లో 2.75కి వచ్చింది. కొవ్వు చేరితే ఆసనం గుంట కొంత పూడుతుంది, మానం వాలు కూడా కొంత తగ్గుతుంది. మందుతో రానిది దాణాతో వస్తుంది ఒక్కోసారి. యాంటీబయాటిక్ మళ్ళీ వేయలేదు. కప్పు కారుతుంటే నేల తుడుస్తూ కూర్చోవడం అవుతుంది.

తర్వాత తోక ఎముకల్లో మొదటి రెండింటి మధ్య మొద్దుబార్చే మందు, 2 శాతం లిగ్నోకెయిన్ 5 మిల్లీలీటర్లు ఇచ్చాను. తోక జారిపోయాక యోనిని ఖాళీ చేసి, గోరువెచ్చని సెలైన్‌తో కడిగి, దూదితో తుడిచాను. మూత్ర రంధ్రానికి కాస్త ముందు, యోని గోడ చుట్టూ కరగని లావు దారంతో సంచి మూతికి తాడు వేసినట్టు కుట్టు వేశాను. గోడ పొర కింద వరకే సూది, ఐదు చోట్ల. కింది వైపు మాత్రం చెయ్యి చాలా నెమ్మదిగా నడిపించాను, మూత్రనాళం అక్కడే ఉంటుంది. రెండు వేళ్ళు పట్టేంత సందు వదిలి బిగించాను. ఆ సందులోంచి గన్ వెళ్తుంది, మూత్రం మాత్రం లోపలికి పారదు. మానం పై మూడో వంతు అంచులు సన్నగా కత్తిరించి కలిపి కుట్టాను, గాలీ పేడా లోపలికి పోకుండా.

కుట్లు రెండూ ఈనే ముందు విప్పి తీరాలి. మరిచిపోతే దూడ దారిలో చిక్కుకుంటుంది, తల్లి చీలిపోతుంది. పెద్దాయన మనవడి ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ తేదీ పెట్టుకున్నాం. పాక స్తంభం మీద సుద్దతో కూడా రాయించాను.

సూది వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. గన్‌కి బయట ఇంకో ప్లాస్టిక్ తొడుగు వేసి, సెర్విక్స్ మూతి దగ్గర దాన్ని చీల్చి లోపలికి వెళ్ళాను. రెండోది, సెర్విక్స్‌ని ముందు వెనక్కి లాగి గర్భాశయాన్ని నిటారు చేసుకున్నాకే వీర్యం వదిలాను. ముసలి ఆవు సెర్విక్స్ వెడల్పుగా ఉంది కదా, గన్ ఇట్టే వెళ్తుందనుకుంటాం. వేలాడే మడతల పక్క సందులోకి దూరి, లోపలికి వెళ్ళినట్టే అనిపిస్తుంది. మొదటిసారి నేనూ అక్కడే రెండు నిమిషాలు తిరిగాను.

ఫలితం

మొదటి సూదికి 22 రోజులకి పొర్లింది. పెద్దాయన "చెప్పాను కదా" అన్నట్టు చూశారు. నేను తీగ పట్టి చూపించాను. గాజులా తేటగా, నేల దాకా సాగింది. వైట్ సైడ్‌లో రంగు రాలేదు. ఇంకొక్కసారి చూద్దామన్నాను.

రెండో సూది తర్వాత పొర్లలేదు. 32వ రోజు స్కాన్‌లో పిండం గుండె కొట్టుకుంటూ కనిపించింది. 60వ రోజు, 90వ రోజు మళ్ళీ చూశాను. వయసైన తల్లిలో తొలి నెలల్లో పిండం పోతుందేమోనన్న భయం చివరి దాకా వదల్లేదు. ఏడో నెల నిండాక యోని కుట్టు తీశాను. మానం కుట్టు ఈనడానికి పది రోజుల ముందు విప్పాను.

పాల జ్వరం చరిత్ర ఉంది కాబట్టి దాని సంగతి ముందే చూసుకున్నాం. వయసు పెరిగేకొద్దీ ఎముకల నుంచి, పేగుల నుంచి కాల్షియంని త్వరగా రక్తంలోకి లాక్కునే శక్తి తగ్గుతుంది. పడిపోవడం ఒక్కటే కాదు, కాల్షియం తక్కువైతే గర్భాశయ కండరం బిగువు కోల్పోయి ఈత నెమ్మదిస్తుంది, మాయ నిలుస్తుంది. వట్టిపోయిన చివరి వారాల్లో మేతలో కాల్షియం తగ్గించాం. ఈనగానే ఒకసారి, 12 గంటలకి ఇంకోసారి నోటి ద్వారా ఇచ్చాం. 281వ రోజు ఈనింది. నొప్పులు బలహీనంగా ఉంటే ఇద్దరం పట్టి లాగాం. పెయ్యదూడ. మాయ ఎనిమిది గంటల్లో పడింది.

ఈని యాభై రోజులయ్యాక చూడటానికి వెళ్ళాను. పెద్దాయన హుషారుగా ఉన్నారు. "ఇంకొక్క ఈత పెట్టుకుందామా డాక్టర్ గారూ? దారి తెలిసిపోయింది కదా" అన్నారు. చెయ్యి పెట్టి చూస్తే గర్భాశయం ముందుకంటే ఇంకా కిందికి దిగింది. ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటూ చెయ్యి కడుక్కుంటున్నాను. ఈలోగా ఆవు పడుకుంది. వెనక నేల మీద చిన్న తడి గుంట మొదలైంది. పెద్దాయన వంగి, వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూశారు.

"తీగ కాదు" అన్నారు. కాసేపు దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి, "పోనీలే, పాలిచ్చినన్నాళ్ళు ఇస్తుంది. ఆ తర్వాత ఊరికే ఉంటుంది" అని పెయ్యని విప్పడానికి వెళ్ళారు.